గాజు కిల్న్ 600 డిగ్రీల దగ్గర ఆగిపోతోంది, తెగిన కాయిల్ అతికించవచ్చా?

ప్రశ్న: గుంటూరులో ఇంటి దగ్గర చిన్న గాజు కిల్న్ (గాజును కాల్చే కరెంటు బట్టీ) పెట్టుకున్నాను. మొన్నటిదాకా 800 డిగ్రీలకు చక్కగా వెళ్లేది. ఇప్పుడు 600 దాకా వెళ్లి అక్కడే ఉండిపోతోంది. రెండు కాయిల్స్‌లో ఒకటి తెగినట్టుంది. అతికిస్తే నిలుస్తుందా, కొత్తది వేయించాలా?

జవాబు: అతుకు నిలుస్తుంది, కాకపోతే కొన్నాళ్లే. ముందు ఒక్క మాట: ఆ కాయిల్‌ను సర్దుదామని చేత్తో గానీ పట్టకారుతో గానీ ఇప్పుడే కదపకండి. నేను అలా సర్దబోయి, ఒక చోట తెగినదాన్ని నాలుగు చోట్ల విరగ్గొట్టుకున్నాను.

నాది విజయవాడ, సింగ్ నగర్. ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఏడేళ్లుగా గాజు పళ్లేలు, గుమ్మం ముందు పెట్టుకునే పేరు పలకలు చేస్తున్నాను. మీ కిల్న్‌లాగే నాదీ రెండు కాయిల్స్‌ది.

కిల్న్ కాయిల్స్‌లో ఎక్కువగా వాడే తీగ ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన లోహం. కాంతల్ అన్నది ఒక కంపెనీ పేరే అయినా షాపుల్లో ఈ రకం తీగనంతా అలాగే పిలుస్తారు. కొత్తలో చెప్పినట్టు వంగుతుంది. బాగా కాలి చల్లారాక మాత్రం వేయించిన అప్పడంతో సమానం, వంచబోతే టప్పున విరుగుతుంది.

అసలు తెగిందో లేదో ముందు తేల్చుకోండి. ప్లగ్గు పూర్తిగా పీకేయండి. స్విచ్చి ఆపితే సరిపోదు. చాలా కిల్న్‌లలో రిలే (కాయిల్‌కు కరెంటు వదిలే, ఆపే స్విచ్చి) రెండు వైర్లలో ఒకదాన్నే తెంపుతుంది, రెండో వైరు గుండా కాయిల్ దాకా కరెంటు వచ్చి ఉండవచ్చు. తర్వాత కాయిల్ చివరలను వైర్ల నుంచి విడదీసి మల్టీమీటర్‌తో ఓములు (తీగ నిరోధం) కొలవండి. నా కిల్న్ 230 వోల్టుల మీద సుమారు 3000 వాట్లది. ఒక్కో కాయిల్ 35 ఓములు, రెండూ కిల్న్‌లో ఉన్నట్టే సమాంతరంగా (ప్యారలల్‌గా) కలిపి కొలిస్తే పదిహేడున్నర. కలిపి కొలిచినప్పుడు కూడా మీటరు 35 చూపిందంటే ఒకటి పోయినట్టే. అప్పుడు వచ్చేది సగం వేడే కాబట్టి కిల్న్ సగం దారిలో ఆగిపోతుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా ఇదే.

కాయిల్ తెగకపోతే, కాయిల్‌ను వైరుకు కలిపే కనెక్టర్ చూడండి. నాకు రెండుసార్లు అసలు దొంగ అదే. మర వదులై, రాగి వైరు చివర నల్లగా మాడి, గోటితో గీరితే పొడిగా రాలింది. మాడిన భాగం కత్తిరించి, పింగాణీ కనెక్టర్ వేసి బిగించాను. అప్పటి నుంచి ప్రతి పది కాల్పులకు ఒకసారి మరలు బిగించడం అలవాటు చేసుకున్నాను.

ఇక అతుకు సంగతి. తెగిన రెండు కొసలనూ చిన్న గ్యాస్ టార్చ్‌తో ఎర్రగా కాల్చాలి. ఎరుపు తగ్గకముందే మెల్లగా లాగి, కొక్కెంలా వంచి, ఒకదానిలో ఒకటి తగిలించి పట్టకారుతో గట్టిగా నొక్కాలి. ఎరుపు పోతే వదిలేసి మళ్లీ కాల్చండి, తొందరపడితే విరిగేది అప్పుడే. రెండు చుట్లు తగ్గితే నష్టం లేదు. జానెడు ముక్క తీసేస్తే మాత్రం ఓములు తగ్గి కరెంటు పెరుగుతుంది. మా అతుకు నాలుగు నెలలు నిలిచింది. చేతిలో పని పూర్తి చేసుకోవడానికి ఆ మాత్రం చాలు.

కొత్త కాయిల్ చుట్టించేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం పెట్టుకుని వెళ్లండి. ఇది తెలియకనే నేను దెబ్బతిన్నాను. ఆటోనగర్‌లో ఒక మోటార్ వైండింగ్ షాపులో పాత కాయిల్ ఇచ్చి ఇలాంటివే రెండు కావాలన్నాను. మేస్త్రీ అదే మందం, అదే పొడవు తీగతో ముచ్చటగా చుట్టి ఇచ్చాడు. ఇంటికొచ్చి బిగించి ఆన్ చేశాను. మునుపెన్నడూ లేనంత వేగంగా కాగుతుంటే సంతోషించాను కూడా. అరగంటకు కాలిన ప్లాస్టిక్ వాసన. పదహారు ఆంపియర్ల ప్లగ్గు సాకెట్లోనే మెత్తబడి వంగిపోయింది. అతను వేసింది నైక్రోమ్, అంటే నికెల్, క్రోమియం కలిసిన తీగ. దాని నిరోధం కాంతల్‌తో పోలిస్తే ముప్పాతిక వంతే. 35 ఓములు ఉండాల్సిన చోట 26 వచ్చాయి, పదమూడు ఆంపియర్లు తీసుకునే కిల్న్ పదిహేడున్నర లాగింది. వెళ్లి అడిగితే, "వేడెక్కడమేగా కావలసింది, ఏ తీగయితే ఏమండీ" అన్నాడు. తప్పు అతనిది కాదు. ఓములు చెప్పకుండా పొడవు చూపించి చుట్టమన్నది నేను. కాంతల్ రకం తీగ అయస్కాంతానికి అంటుకుంటుంది, నైక్రోమ్ అంటుకోదు. గాజు పనికి కావలసిన 800 డిగ్రీలను నైక్రోమ్ కూడా తట్టుకుంటుంది, కాకపోతే దాని లెక్క వేరు. మీరు మాత్రం కాగితం మీద ఓములు రాసి ఇవ్వండి.

కొత్త కాయిల్ చుట్లు ఒకదానికొకటి ఆనుకుని వస్తాయి. బిగించే ముందే సమానంగా సాగదీయాలి. ఒక చోట దగ్గరగా, ఒక చోట ఎడంగా ఉంటే దగ్గరగా ఉన్న చోట వేడి పోగై అక్కడే తెగుతుంది. మార్చినప్పుడు రెండూ కలిపే మార్చండి. బిగించాక మొదటిసారి గాజు పెట్టకుండా, మీ కిల్న్ గరిష్ఠ ఉష్ణోగ్రతకు తీసుకెళ్లి కొన్ని గంటలు ఉంచండి. తీగ మీద అల్యూమినియం ఆక్సైడ్ పొర కడుతుంది, దానికి కవచం అదే. కరిగిన గాజు బొట్టు పడితే ఆ పొరను తినేస్తుంది. నా మొదటి కాయిల్ తెగిన చోట శనగగింజంత ఆకుపచ్చ సీసా గాజు అంటుకుని ఉంది. కాయిల్ కూర్చునే ఇటుక గాడిలో అలాంటి బొట్టు కనిపిస్తే చల్లారాక, ముక్కుకు మాస్కు కట్టుకుని, ఇటుకతో సహా గీకి తీసేయండి.

మే నెల సాయంత్రాలు కిల్న్ మందకొడిగా ఉంటే కాయిల్‌ను తిట్టుకోకండి. వీధిలో ఏసీలన్నీ మొదలయ్యాక మా ఇంట్లో 205 వోల్టులు చూసిన రోజులున్నాయి. వోల్టేజీ పదో వంతు తగ్గితే వేడి ఐదో వంతు పడిపోతుంది. అందుకే నేను ఎండాకాలం తెల్లవారుజామున కాలుస్తాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు నా కిల్న్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఇక పాత ఇనుప సామాన్ల వాడికి వేయాల్సిందే అనుకున్నాను. కొలిచి చూస్తే కాయిల్స్ రెండూ అదే 35. కిల్న్ లోపలి తేలిక ఇటుక మాత్రం స్పాంజిలా నీళ్లు పీల్చుకుంది. తొందరపడి ఆన్ చేస్తే లీకేజీ బ్రేకర్ వెంటనే పడిపోయింది. మూత తీసి మూడు వారాలు ఫ్యాన్ కింద ఆరబెట్టాను. తర్వాత మూత కింద ఇటుక ముక్క పెట్టి, నూరు డిగ్రీలు దాటకుండా పూటంతా ఉంచాను. ఆవిరి రావడం ఆగాకే పైకి తీసుకెళ్లాను. తడి ఇటుకను ఒక్కసారిగా కాలిస్తే లోపలి ఆవిరికి పగులుతుంది. చివరకు మార్చాల్సి వచ్చింది తుప్పు పట్టిన కనెక్టర్లు మాత్రమే.

మీ రెండు కాయిల్స్ విడివిడిగా ఎన్ని ఓములు చూపిస్తున్నాయో, కిల్న్ రేకు మీద ఎన్ని వాట్లని ఉందో రాయండి. కొత్త కాయిల్‌కు ఎన్ని ఓములు చెప్పాలో లెక్క కట్టి ఇస్తాను.