మచ్చలు పోయాయని సంబరపడకు

చిరంజీవి రవికి,

పెదనాన్న దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం, ఫొటోలు అందాయి. నీ ఉప్పునీటి అక్వేరియం తొట్టిలోని పసుపు టాంగ్ చేప ఒంటి మీద ఆదివారం పదిహేను తెల్ల మచ్చలు లెక్కపెట్టావట. మేతలో వెల్లుల్లి రసం కలిపావట. బుధవారానికి ఒక్క మచ్చ కూడా లేదట. ‘వెల్లుల్లి పనిచేసింది పెదనాన్నా’ అని రాశావు. అది చేయని పనికి ఘనత కట్టబెట్టావు. నువ్వు చేతులు కట్టుకుని కూర్చున్నా బుధవారానికి ఆ మచ్చలు పోయేవి. పోవడం ఆ జబ్బు స్వభావం. మళ్లీ వస్తాయి, ఈసారి పదిహేనుతో ఆగవు. అందుకే ఈ ఉత్తరం ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

ఉప్పునీటి చేపలకు వైట్ స్పాట్ అనే ఈ తెల్ల మచ్చల జబ్బు తెచ్చేది క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి. ఆ పేరు 1951 నుంచి వాడుకలో ఉంది. నీకు కనిపించే తెల్ల చుక్క ఆ జీవి ఒక్కటే కాదు. చర్మం పైపొర కింద దూరి అది తింటూ ఉంటే, దాని చుట్టూ చేప ఒళ్లు కట్టుకున్న పొక్కు అది. మూడు నుంచి ఏడు రోజులు అక్కడ తిని బలిసి, ఎక్కువగా చీకటి వేళ చేపను వదిలేస్తుంది. నువ్వు సంబరపడింది సరిగ్గా ఆ రోజునే. వదిలినది చచ్చిపోదు. ఇసుక మీదో రాయి మీదో కాసేపు పాకి, గట్టి తిత్తి కట్టుకుని, లోపల ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. కొన్ని తిత్తులు మూడు రోజులకే పగులుతాయి, కొన్ని నాలుగు వారాలు పడుతుంది. ప్రయోగశాలలో ఒక తిత్తి 72 రోజులకు పగిలిన దాఖలా ఉంది. ఒక్కొక్క దానిలోంచి వందల కొద్దీ పిల్లలు ఈదుకుంటూ బయటపడతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరికితే బతుకుతాయి, లేకపోతే పోతాయి.

ఈ కథంతా ఎందుకు చెప్పానంటే, మందు దెబ్బ తగిలేది ఆ ఈదే పిల్లలకే. చర్మం కింద ఉన్నదానికి చేప ఒళ్లే రక్ష, తిత్తిలో ఉన్నదానికి తిత్తి గోడ రక్ష. కాబట్టి మందు నీళ్లలో కాచుకుని కూర్చోవాలి, పగిలే తిత్తులన్నీ పగిలేదాకా ఒక్క పూట కూడా బలం తగ్గకూడదు. మూడు రోజులు వేసి మచ్చలు పోయాయని ఆపేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. మొదట్లో నేనూ వాళ్లలో ఒకణ్ణే.

ఇక అసలు సంగతి. నీ చేపకున్నది వైట్ స్పాటేనా? ఫొటోలో ఉప్పు రవ్వల్లా విడివిడిగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టడానికి వీలుగా ఉన్నాయి కాబట్టి అదేనని నా అంచనా. కానీ ఫొటో చూసి తీర్పు చెప్పేవాణ్ణి నమ్మకు, నన్ను కూడా. రేపు తెల్లవారుజామున తొట్టి దీపం వేయకముందే టార్చి తీసుకో. వెలుతురు చేప పక్క నుంచి, ఏటవాలుగా పడాలి. రవ్వలు కాకుండా పొడి చల్లినట్టు, సన్నగా, బంగారు లేదా బూడిద ఛాయలో నిగనిగ కనిపిస్తే అది వెల్వెట్ అనే వేరే జబ్బు. దాన్ని తెచ్చే జీవి పేరు అమైలూడినియం. వైట్ స్పాట్ నీకు వారాలు గడువిస్తుంది, వెల్వెట్ ఒక్కోసారి రెండు రోజులు కూడా ఇవ్వదు. అది ముందు మొప్పల్లో చేరుతుంది, చర్మం మీద కనిపించేసరికి చేప సగం పోయినట్టే. అందుకే వెల్వెట్‌ను ఒంటి మీద కాదు, నడవడికలో వెతకాలి. చేప పంపు నీటి ధారకు ఎదురుగా మొహం పెట్టి అక్కడే నిలబడుతోందా? వెలుతురు తప్పించుకుని మూల చేరిందా? నిన్నటిదాకా మేతకు ఎగబడినది ఈ రోజు తల తిప్పుకుందా? దవడలు, మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయి?

ఆ చివరి ప్రశ్నకు జవాబు కావాలంటే చేప ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది నిమిషానికి ఎన్నిసార్లు మొప్పలు ఆడిస్తుందో నీకు తెలిసి ఉండాలి. గడియారం పెట్టుకుని ప్రతి చేపకూ లెక్క రాసి పెట్టుకో. నేను నాలుగు రూళ్ల నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఏ ఖరీదైన పరికరమూ ఆ పుస్తకమంత ముందుగా నన్ను హెచ్చరించలేదు.

క్లౌన్ చేప వంటి మీంచి జిగురు పొరలు పొరలుగా, చర్మం ఊడివస్తున్నట్టు వేలాడితే అది బ్రూక్లినెల్లా అనే ఇంకో ఏకకణ జీవి పని. దీన్ని 1970లో వర్ణించారు. దీనికి తిత్తి దశ లేదు. చేప ఒంటి మీదే రెండుగా చీలి పెరుగుతుంది, అందుకే అంత వేగం. వైట్ స్పాట్‌కు వాడే రాగి మందు దీనికి పనిచేయదు. రెక్క అంచున కాలీఫ్లవర్ ముక్కలా గట్టిగా గడ్డ కట్టి, వారాల తరబడి అక్కడి నుంచి కదలనిది లింఫోసిస్టిస్. అది వైరస్, పరాన్నజీవి కాదు. మందులు వేయకు, తొట్టి నీరు శుభ్రంగా ఉంచి, మంచి మేత ఇచ్చి వదిలేయి. దాన్ని వైట్ స్పాట్ అనుకుని రాగి పోసి చంపిన చేపలు ఎన్నో.

కళ్లు మసకబారి, ఒళ్లు రాళ్లకు రుద్దుకుంటూ, తల మాటిమాటికీ విదిలిస్తుంటే ఫ్లూకులను అనుమానించు. ఇవి ఏకకణ జీవులు కావు, చదునైన పురుగులు. చాలావరకు ఒళ్లు చూస్తే కనిపించవు, పారదర్శకంగా ఉంటాయి. వీటిని పట్టుకునే ఉపాయం మంచినీటి స్నానం. ఒక గిన్నెలో ఉప్పు లేని, క్లోరిన్ తీసిన నీళ్లు తొట్టి వేడికే తెచ్చి, పీహెచ్ కూడా తొట్టి నీటికి సరిపోయేలా వంటసోడాతో సరిచేసి, గాలి బుడగలు వదులుతూ, చేపను మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచు. పక్కనే నిలబడు, ఫోను ఎత్తకు. చేప పక్కకు ఒరిగి మరీ తల్లడిల్లితే వెంటనే తీసేయి. ఫ్లూకులు ఉంటే తెల్లబడి నువ్వుల గింజల్లా గిన్నె అడుగున రాలతాయి. ఈ స్నానం మచ్చల జబ్బును నయం చేయదు, ఫ్లూకుల బరువు కొంత దించుతుంది, జబ్బేదో చెబుతుంది, అంతే.

ఒక మైక్రోస్కోప్ ఎవరి దగ్గరైనా దొరికితే అన్ని అనుమానాలూ పది నిమిషాల్లో తీరిపోతాయి. చర్మం మీద జిగురు కొద్దిగా గీకి, తొట్టి నీటి చుక్కలో వేసి చూస్తే, నెమ్మదిగా దొర్లుతూ కనిపించే నల్లని బంతి క్రిప్టోకారియన్. కదలకుండా అతుక్కుని ఉన్న గోధుమరంగు గుండ్రని గింజ అమైలూడినియం.

నేను చేసిన ఘోరం ఒకటి చెప్పాలి, లేకపోతే ఇప్పుడు చెప్పబోయే మాటకు బరువు ఉండదు. మొదటిసారి వైట్ స్పాట్ వచ్చినప్పుడు రాళ్లు, రొయ్యలు, నత్తలు అన్నీ ఉన్న పెద్ద తొట్టిలోనే రాగి మందు పోశాను. సాయంత్రానికి రొయ్యలు వెల్లకిలా పడ్డాయి. మర్నాడు రాగి కొలిస్తే దాదాపు లేదు. సున్నపు రాళ్లు, ఇసుక దాన్ని పీల్చేసుకున్నాయని నాకు అప్పుడు తెలియదు. ఇంకా పోశాను. చేపలు సగం చనిపోయాయి, జబ్బు పోలేదు. ఆ రాళ్లతో మళ్లీ పగడాలు పెంచడానికి నాకు ధైర్యం చాలలేదు. కాబట్టి చికిత్స ఎప్పుడూ వేరే తొట్టిలో. అడుగున ఇసుక వద్దు, రాయి వద్దు. గాజు తొట్టి, హీటరు, గాలి పంపు, దాక్కోవడానికి ప్లాస్టిక్ గొట్టం ముక్కలు, పాత స్పాంజి ఫిల్టరు. ఆ స్పాంజి రోగం ఉన్న తొట్టిలోదైనా ఫరవాలేదు, చికిత్స చేసేది ఆ జబ్బుకే కదా. ఆసుపత్రి తొట్టిలో చేపలను చంపేది ఎక్కువగా జబ్బు కాదు, అమ్మోనియా. రోజూ కొలిచి, అవసరమైతే నీళ్లు మార్చు. మార్చే నీళ్లలో కూడా మందు అదే బలంలో కలిపి పోయాలి. రాగి వాడుతున్నప్పుడు అమ్మోనియాను కట్టేసే ద్రవాలు వేయకు. కొన్ని రకాల రాగితో కలిసి విషం పెంచుతాయి.

రాగి మోతాదు ఏ రకం రాగి అన్నదాన్ని బట్టి ఉంటుంది. మామూలు అయానిక్ రాగి అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. కీలేటెడ్ రాగి, అంటే వేరే పదార్థంతో కట్టి ఉంచిన రాగి అయితే 1.5 నుంచి 2.5 దాకా, సీసా మీద రాసినట్టు. ఈ రెండింటినీ తారుమారు చేస్తే ఒకవైపు పనిచేయదు, ఇంకోవైపు చంపుతుంది. నీ కొలత కిట్ ఏ రకం రాగిని కొలుస్తుందో ముందే చూసుకో. వైట్ స్పాట్‌కైతే నాలుగైదు రోజుల్లో మెల్లగా పెంచుకుంటూ పో, వెల్వెట్‌కు అంత తీరిక ఉండదు. పూర్తి మోతాదు అందిన రోజు నుంచి 30 రోజులు లెక్కపెట్టు. మధ్యలో ఒక రోజు బలం తగ్గిందా, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు. మాండరిన్ వంటి పొలుసులు లేని చేపలకు, షార్కులకు రాగి పడదు.

వైట్ స్పాట్ అని ఖాయమైతే నాకు ఇష్టమైన పద్ధతి మందు లేనిది. రెండు తొట్లు పెట్టుకుని, చేపను ప్రతి 72 గంటలకూ ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి మార్చు. నాలుగు మార్పులు, 12 రోజులు. రాలిన తిత్తులు పగలడానికి కనీసం మూడు రోజులు కావాలి కదా, అవి పగిలే లోపే చేప వెళ్లిపోతుంది. వదిలిన తొట్టి, వల, గొట్టాలు అన్నీ కడిగి ఎముకలా ఎండబెట్టాలి, తడి మిగిలితే శ్రమంతా వృథా. గడియారం తప్పకూడదు. నీకు రాత్రి పొద్దుపోయాక మార్చే అలవాటు పడుతుందేమో, వద్దు, పొద్దున పెట్టుకో. వెల్వెట్‌కు ఈ పద్ధతి చాలదు.

ఉప్పు తగ్గించే పద్ధతి కూడా ఉంది. 1.025 సాంద్రతను రెండు రోజుల్లో 1.009కి దించి నెల రోజులు ఉంచడం. 1.010 దాటితే నమ్మకం లేదు, అందుకే సరిచూసుకున్న రిఫ్రాక్టోమీటర్, అంటే నీటిలో ఉప్పు కొలిచే పరికరం కావాలి. తక్కువ ఉప్పును తట్టుకునే రకాలు తైవాన్‌లో కనబడ్డాయి, వెల్వెట్ అయితే లెక్కే చేయదు. నేను దీన్ని మానేశాను.

బ్రూక్లినెల్లాకు ఫార్మలిన్. 37 శాతం ఫార్మలిన్ లీటరు నీటికి 0.125 నుంచి 0.25 మి.లీ., గంటకు మించకుండా, గాలి బుడగలు జోరుగా వదులుతూ. నీళ్లు వెచ్చగా ఉంటే తక్కువ మోతాదే. సీసా అడుగున తెల్లని ముద్ద పేరుకుంటే పారేయి. చేతికి గ్లవ్స్, కిటికీలు తెరిచి ఉండాలి. అది క్యాన్సర్ తెచ్చే రసాయనం, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారని గుర్తుంచుకో. ఫ్లూకులకు ప్రాజిక్వాంటెల్, లీటరుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు. గుడ్లను అది ఏమీ చేయదు, కాబట్టి ఐదు నుంచి ఏడు రోజుల తర్వాత మరో విడత తప్పనిసరి.

‘పగడాలకు హాని చేయదు, పెద్ద తొట్టిలోనే వేయండి’ అని దుకాణంలో ఇచ్చిన సీసా గురించి అడిగావు. పక్కన పెట్టు. పరాన్నజీవిని చంపేంత బలం ఉండి, రొయ్యకు ఏమీ కానిది నేను ఇంతవరకు చూడలేదు. క్లీనర్ రొయ్య ఒళ్లు శుభ్రం చేస్తుందిగాని చర్మం కింద దూరినదాన్ని తీయలేదు. నీళ్లు వేడి చేయమని కూడా ఎవరో చెప్పారట. అది మంచినీటి చేపలకు వచ్చే మచ్చల జబ్బు ‘ఇక్’కు చిట్కా. రెండూ చూపుకు ఒకేలా ఉన్నా బంధుత్వం లేనివి. పైగా వేడి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, మొప్పలు దెబ్బతిన్న చేపకు అది గొంతు నొక్కినట్టే.

ఇక పెద్ద తొట్టి. చేపలన్నీ తీసేయాలి, ఒక్కటి కూడా మిగలకూడదు. ‘ఆ చిన్న గోబీ చేపకు ఏమీ లేదు’ అంటావని తెలుసు. దాని మొప్పలో ఒక్కటి ఉన్నా చాలు. 76 రోజులు ఖాళీగా ఉంచు. రొయ్యలు, నత్తలు, పగడాలు అక్కడే ఉండవచ్చు, వాటి మీద ఈ జీవి బతకదు. ఆ రోజుల్లో కొత్త చేప కాదు, వేరే తొట్టి నుంచి తడి రాయి కూడా తేవద్దు, దాని మీద తిత్తి ఉండవచ్చు. రెండు తొట్లకు వేరు వేరు వలలు, వేరు వేరు బకెట్లు పెట్టుకో.

రేపు టార్చితో చూశాక టాంగ్‌దీ, క్లౌన్లదీ శ్వాస లెక్క రాసి పంపు. టాంగ్ పంపు ధారకు ఎదురుగా నిలబడి ఉంటే ఉత్తరం రాయకు, ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

ఆశీస్సులతో,
పెదనాన్న