ఓడ ఎక్కే ముందు చీటీ లెక్క

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. కడపలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. జీతం 27,000. ఇంటికి 12,000 ఇస్తాను. విద్యారుణం కిస్తీ 4,200, లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000 కడుతున్నాను. చీటీ ఇంకా 9 నెలలు ఉంది, నేను పాడుకోలేదు. ఎఫ్‌డీ, పొదుపు కలిపి 3,10,000 ఉన్నాయి. ఒక క్రైస్తవ మిషన్ వారి ఆసుపత్రి ఓడలో, ఆఫ్రికా తీరంలో ఏడాది సేవ చేయాలని ఉంది. జీతం ఉండదు. అన్నీ కలిపి 4,20,000 ఖర్చు. చర్చివారు, తెలిసినవారు 1,50,000 దాకా ఇస్తామన్నారు. మిగతాదానికి అమ్మ బంగారం ఆరు తులాలు తాకట్టు పెడదామని నాన్న అంటున్నారు. పెట్టమంటారా?

జవాబు: వద్దు. ప్రయాణం మానమని కాదు, బంగారం జోలికి వెళ్లవద్దని.

సేవకు వెళుతూ ఎదురు డబ్బు కట్టడమేమిటని మీ బంధువుల్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. అందులో మోసమేమీ లేదు. 1978లో మొదలైన మెర్సీ షిప్స్ వంటి సంస్థల ఆసుపత్రి ఓడల్లో వైద్యుల నుంచి వంటవారి దాకా స్వచ్ఛందంగా వచ్చినవారు ప్రయాణం వంటి సొంత ఖర్చులు తామే చూసుకుంటారు. మీ జిల్లాలోనే జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిని నడిపింది లండన్ మిషన్. అప్పుడు బ్రిటన్ చర్చిలు చందాలు వేసుకుని ఇక్కడికి మనుషులను పంపాయి, ఇప్పుడు కడప చర్చి మిమ్మల్ని పంపుతోంది. నాకైతే ముచ్చటగానే ఉంది. కానీ లెక్క లెక్కే.

మీరు 4,20,000 గురించే అడిగారు. అది ఓడ ఖర్చు. మీరు లేని ఇంటి ఖర్చు ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇంటికి ఏడాదికి 1,44,000, కిస్తీలు 50,400, మిగిలిన చీటీ 45,000. మొత్తం 2,39,400. మీ పొదుపులోంచి ఇది పక్కన పెడితే చేతిలో మిగిలేది 70,600. దానికి చర్చి సాయం కలిపినా ఓడ ఖర్చుకు రెండు లక్షలు తగ్గుతుంది. ఆ రెండు లక్షల కోసమే అమ్మ బంగారం తాకట్టుకు వెళుతుంది. నెల జీతం లేని మనిషి దాని వడ్డీ ఎక్కడినుంచి కడుతుంది? మీరు తిరిగొచ్చాక మొదటి జీతాలు బంగారం విడిపించడానికే పోతాయి.

మరి చీటీ ఇప్పుడే పాడుకుంటే? ఆ ఆలోచన మీకు రాకుండా ఉండదు. పాటలో పోయేది ఎలాగూ పోతుంది, అసలు చిక్కు జామీనుది. పాడుకున్న డబ్బు చేతికి రావాలంటే జీతగాళ్ల పూచీ కావాలి. ఉద్యోగం మాని దేశం దాటే మనిషికి ఎవరు సంతకం పెడతారు? పెడితే మీ వార్డులో మీతో నైట్ డ్యూటీ చేసే అమ్మాయే పెడుతుంది. ఒక వాయిదా తప్పితే నోటీసు వెళ్లేది ఆమె ఇంటికి.

నా మాట వింటే తొమ్మిది నెలలు ఆగండి. చీటీ చివరిదాకా కడితే 5 శాతం కమీషన్ పోను 95,000 వస్తుంది. నెలకు మిగిలే 5,800లో చిల్లర ఖర్చులు పోయినా మరో 50,000 దాచవచ్చంటే అత్యాశ కాదు. ఇప్పుడున్నదానితో కలిపి 4,55,000. అప్పటికి చీటీ బాధ్యత ఉండదు కాబట్టి ఇంటికి, కిస్తీలకు పక్కన పెట్టాల్సింది 1,94,400. మిగిలిన 2,60,600కు చర్చి సాయం కలిపితే దాదాపు 4,10,000. తిరిగొచ్చాక ఉద్యోగం దొరికేదాకా మూడు నెలల ఇంటి ఖర్చు, కిస్తీలు 48,600 కూడా వేసుకోండి. అప్పుడు తక్కువ పడేది 60,000 లోపే. పన్నెండు నెలలకు బదులు పది నెలలకు ఒప్పుకుంటారేమో మిషన్‌వారిని అడగండి, అందులో కొంత తగ్గుతుంది. ఎఫ్‌డీ వడ్డీ నేను కావాలనే కలపలేదు, విమాన టికెట్ల ధర ఎప్పుడూ మనం అనుకున్న దగ్గర ఆగదు.

చర్చి డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. పన్ను చట్టం దగ్గరి బంధువులుగా లెక్కించనివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో మీకు వచ్చే డబ్బు కానుకలు మొత్తం 50,000 దాటితే, దాటినంత మాత్రమే కాదు, మొత్తం మీ ఆదాయం కింద లెక్క. మేనమామ, పెద్దమ్మ, బాబాయి ఇచ్చింది ఈ లెక్కలోకి రాదు, పెద్దమ్మ కొడుకు ఇచ్చింది వస్తుంది! జీతంతో కలిపి ఆదాయం 4 లక్షలు దాటితే ఆదాయపు పన్ను రిటర్న్ వేయాలి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను పడకపోవచ్చు, కానీ ఆ రిబేటు పన్ను లెక్కల ప్రకారం దేశంలో నివాసి అయినవారికే. అందుకే బయలుదేరే తేదీ ఖరారు చేసే ముందు ఒక ఆడిటర్‌ను కలవండి. ఇచ్చినవారి పేర్లు, మొత్తాలు ఒక నోటుబుక్కులో రాయండి. డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి.

పీఎఫ్ తీయకండి, ఐదేళ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడుతుంది. మీ ఆసుపత్రి గ్రూపు బీమాలో అమ్మానాన్నలు ఉంటే, రాజీనామాకు ముందే అదే కంపెనీలో సొంత పాలసీకి మార్చమని అడగండి. ఆలస్యమైతే షుగర్, బీపీలకు వెయిటింగ్ పీరియడ్ (బీమా వర్తించని తొలి కాలం) మళ్లీ మొదటినుంచి లెక్కపెడతారు.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఆ ధ్రువపత్రం తిరుగు ప్రయాణంలోనూ అడుగుతారు, పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. ఇక మీ ఫోను నంబరు. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి, రీచార్జి ఆగితే నంబరే పోతుంది. ఏటీఎం పిన్ను నాన్నకు చెప్పి వెళ్లే బదులు ఇంటి ఖర్చు డబ్బును ఆయనతో కలిసి ఒక జాయింటు ఖాతాలో వేసి, విద్యారుణం కిస్తీని కూడా అందులోంచే పోయేలా ఇప్పుడే మార్పించండి. ఒక నెల మీరు కడపలో ఉండగానే అది సజావుగా నడుస్తోందో లేదో చూసుకుని బయలుదేరండి.