చెంబు నీళ్ల వాక్యం మాత్రం ముట్టుకోకు

హన్మకొండ

తమ్మీ,

నీ కథ అందింది. దాంతో పాటు పెట్టిన పొడుగాటి ఉత్తరమూ అందింది. కథ కంటే ఉత్తరమే ముందు చదివాను. అక్షరాల్లోనే నీ టెన్షన్ కనిపించింది మరి.

హాస్టల్లో మీరంతా ఒకరి తర్వాత ఒకరు, బ్రామ్ స్టోకర్ రాసిన నెత్తురు తాగే పిశాచి నవల 'డ్రాకులా' చదివారన్నావు. ఒకడు వారం రోజులు లైటు ఆర్పనివ్వలేదట. ఇంకొకడు సగంలో మూసేసి "అన్నీ డైరీలేనాయె, భయమెక్కడుంది" అన్నాడట. ఆ తర్వాత నీ కథను వాళ్ల చేతికే ఇస్తే అక్కడా ఇదే తంతు. ఒకడికి నచ్చిన పేరానే ఇంకొకడు కొట్టెయ్యమన్నాడు. ఎవరి మాట పట్టుకుని దిద్దాలన్నా అని అడిగావు.

చదివాక ఎవరేమన్నారో కాసేపు పక్కన పెట్టు. ఎవరేం చేశారో చూడు. నీకు చెప్పాల్సింది ఇదే, ఉత్తరమంతా దీని చుట్టే తిరుగుతుంది.

నీ ఉత్తరం చివర, సంతకం పక్కన ఇరికించి ఒక సంగతి రాశావు. నీ రూమ్మేట్ పండక్కి ఊరికి పోయి, నీ కథను వాళ్లమ్మకు చదివి వినిపించాడు. ఆమె "ఏమో బిడ్డా, గివన్నీ నాకేం తెలుస్తయి" అని లేచి పనిలో పడింది. కానీ రోజూ మంచం పక్కన పెట్టుకునే నీళ్ల చెంబును ఆ రాత్రి పెట్టుకోలేదు. నువ్వు దాన్ని తమాషాగా రాసి వదిలేశావు. నీకు వచ్చిన స్పందనల్లో అన్నిటికన్నా గట్టిది అదేనని నాకు అనిపించింది. మీ హాస్టల్ పిల్లలు మాట్లాడినంత సేపూ కథ గురించి అభిప్రాయాలు చెప్పారు. ఆమె తన రాత్రి అలవాటునే మార్చుకుంది.

అలా ఎందుకు జరిగిందో చూడు. నీ కథలో అర్ధరాత్రి ఒక మనిషి తలుపు కొట్టి మంచినీళ్లు అడుగుతాడు. అవ్వ చెంబు అందిస్తే గటగటా తాగి, మూతి తుడుచుకుని వెళ్లిపోతాడు. పొద్దున చూస్తే చెంబు నిండుగానే ఉంటుంది. అంతే. నువ్వు అక్కడ ఒక్క విశేషణం కూడా వాడలేదు. ఆ తర్వాత పేజీలో రక్తం, అరుపులు, ఎర్రటి కళ్లు వచ్చాయి. వాటి గురించి ఆ తల్లి ఏమీ చేయలేదు, ఎందుకంటే అవి ఆమె ఇంట్లో లేవు. చెంబు ఉంది.

బ్రామ్ స్టోకర్‌కు ఈ కిటుకు బాగా తెలుసు. డ్రాకులా కోటలో తోడేళ్లున్నాయి, శవపేటికలున్నాయి, కౌంట్ (ఆ కోట జమీందారు డ్రాకులా) బల్లిలా తలకిందులుగా గోడ మీద పాకడం ఉంది. నాకు మాత్రం ఒళ్లు జలదరించేది పక్క సర్దే చోట. జోనాథన్ హార్కర్ లండన్‌లో ఇల్లు కొనే కాగితాల పని మీద ఆ కోటకు వస్తాడు. రోజూ భోజనం అమరుతుంది, పక్క సర్ది ఉంటుంది, నౌకరు మాత్రం ఒక్కడూ కనబడడు. ఒకరోజు తన గదికి పోయి చూస్తే కౌంట్ స్వయంగా పక్క సర్దుతున్నాడు. తర్వాత తలుపు సందులోంచి చూస్తే భోజనం బల్ల సర్దేదీ అతనే. అప్పుడు హార్కర్‌కు లెక్క తెగుతుంది. ఇంత పెద్ద కోటలో రెండో మనిషి లేడు. అంటే తను వచ్చిన రాత్రి కొండదారిలో బండి తోలుకొచ్చినవాడూ, చెయ్యెత్తితే తోడేళ్లు వెనక్కి తగ్గినవాడూ ఇతనే. పక్క సర్దడం మనం రోజూ చూసే పని. అందుకే అది పాఠకుడి వెంట వాళ్లింటికి పోతుంది.

ఇక మీ హాస్టల్ తగువు. ఆ పుస్తకం 1897 మే నెలలో లండన్‌లో వచ్చింది, పసుపు అట్ట మీద ఎర్ర అక్షరాలతో. దాన్ని అప్పుడు కొన్నవాడికి కౌంట్ ఎవరో తెలియదు. హార్కర్‌తో పాటే వాడూ తడుముకుంటూ పోయాడు. మీ మిత్రులు అట్ట తెరవకముందే సినిమాల పుణ్యమా అని వాడి కోరలు కూడా చూసేశారు. అట్లా తెలిసి చదివేవాడికి దొరికేది ఇంకో రకం భయం. "అరే, గోడ దూకి పారిపోరా" అని లోపల్లోపల కేకలు పెడుతుంటాడు. లైటు ఆర్పనివ్వనివాడికి ఆ ఆత్రం పట్టుకుంది, మూసేసినవాడికి పట్టుకోలేదు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు.

మన దగ్గర దయ్యం కథ రాసేవాడి పరిస్థితీ అంతే. మన పాఠకుడికి దయ్యం సంగతి ముందే తెలుసు. చింతచెట్టు అనగానే వాడు సర్దుకుని కూర్చుంటాడు. కాబట్టి నువ్వు దయ్యాన్ని చివరిదాకా దాచి ఏం లాభం? పాఠకుడికి ముందే తెలియనివ్వు, పాత్రకు మాత్రం తెలియకూడదు. డ్రాకులా రాత్రిళ్లు వచ్చి రక్తం తాగే లూసీ అనే అమ్మాయి గదిలో, వాణ్ని రానివ్వకుండా పెట్టిన వెల్లుల్లి పూల సంగతి గుర్తుందా? ఆమెను కాపాడ వచ్చిన డాక్టర్ వాన్ హెల్సింగ్ కిటికీలన్నిటికీ పూలు రుద్ది, ఆమె మెడలో దండ వేసి వెళ్తాడు. పొద్దున లూసీ తల్లి సంతోషంగా ఎదురొచ్చి, గదిలో ఘాటు ఎక్కువైందని ఆ పూలన్నీ తీసేశాను, గాలి రావాలని కిటికీ కొంచెం తెరిచాను అంటుంది. బిడ్డ మీద ప్రేమతో చేసిన పని! కోరలు, రక్తం ఏమీ లేని ఆ రెండు మూడు వాక్యాల దగ్గర పుస్తకం విసిరికొట్టబోయినవాళ్లను నేను చూశాను. నీ కథలో అవ్వ రెండో రాత్రి కూడా చెంబు నింపి పెట్టుకుంటే? నువ్వు ఆలోచించు.

"దయ్యం కథలో సెల్‌ఫోన్ ఏంటి, ఫీల్ పోయింది" అన్నారని బాధపడ్డావు. డ్రాకులాకూ ఇదే మాట పడింది. నవలలో డాక్టర్ సీవర్డ్ తన డైరీని ఫోనోగ్రాఫ్‌లో మాట్లాడి పెట్టుకుంటాడు, హార్కర్ భార్య మీనా టైపు కొడుతుంది, టెలిగ్రాములు వస్తూపోతూ ఉంటాయి. ఆ కాలానికి అవన్నీ కొత్త సరుకు. 'స్పెక్టేటర్' పత్రిక 1897లోనే, ఈ ఫోనోగ్రాఫులు, టైపు మిషన్లు ఆ పాతకాలపు పద్ధతులతో పొసగడం లేదని, కథను వెనకటి రోజుల్లో పెట్టి ఉంటే బాగుండేదని రాసింది. పొసగలేదని గమనించడంలో సమీక్షకుడు పొరపాటు పడలేదు, అది నిజంగానే గరగరమంటుంది. కానీ ఆ గరగరే పుస్తకానికి ప్రాణం. మిషన్లు, రైలు టైమ్ టేబుళ్లు ఉన్న లోకంలోకి ఆ పాత పీడ దిగింది, అందుకే అప్పటి జనం ఉలిక్కిపడ్డారు. నీ పాఠకుడు ముల్లు ఎక్కడ గుచ్చుకుందో సరిగ్గానే చూపించాడు. దాన్ని పీకాలా, ఇంకా లోతుకు దించాలా అన్నది నీ పని. నేనైతే ఫోన్ ఉంచుతాను. సిగ్నల్ లేకపోవడం అనే పాత ఎత్తు మాత్రం తీసెయ్. సిగ్నల్ నిండా ఉండి కూడా ఎవరికీ చేయలేని పరిస్థితి కల్పించు.

డ్రాకులాను మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, తెగడినవాళ్లూ ఉన్నారు. 'డైలీ మెయిల్' గుండె ధైర్యం తక్కువున్నవాళ్లు ఈ పేజీలను పగటిపూటే చదువుకోవాలని హెచ్చరించింది. 'ఎథీనియమ్' పత్రిక కథ కూర్పు సరిగ్గా లేదని తీసిపారేసింది. షెర్లాక్ హోమ్స్ కథల కానన్ డాయిల్ స్వయంగా ఉత్తరం రాసి, ఇంత పొడుగు పుస్తకంలో పట్టు ఎక్కడా సడలలేదని ఆశ్చర్యపోయాడు. పట్టు సడలలేదన్న మాట నేను ఒప్పుకోను. వాన్ హెల్సింగ్ ఉపన్యాసాలు మొదలైతే నేనూ పేజీలు తిప్పేస్తాను. స్టోకర్ కూడా 1901లో చవక ఎడిషన్ కోసం పుస్తకాన్ని తనే కొంత కుదించాడు. చివర్లో డ్రాకులాను గుండెలో మేకు దించి చంపలేదని నీ మిత్రుడు నిరాశపడ్డాడన్నావు. మేకు దిగింది, తనూ పిశాచిగా మారిన లూసీకి. కౌంట్‌కు హార్కర్ చేతి కుక్రీ (వంకర కత్తి), వాళ్ల జట్టులోని మోరిస్ కత్తి. అంత దూరం తరిమి తరిమి, చటుక్కున ముగించేశాడని నాకూ అనిపిస్తుంది. కానీ ఎండ తగిలితే మసైపోవాలి కదా అన్నవాడి మాట లెక్కలోకి తీసుకోకు. నవలలో డ్రాకులా పగలు కూడా తిరుగుతాడు, శక్తి తగ్గుతుందంతే. ఎండకు మాయమవడం 1922 నాటి మూకీ సినిమాతో వచ్చింది. ఆ మిత్రుడు ఒక పుస్తకం చదువుతూ ఇంకో సినిమాను తూకం వేశాడు. నీ కథకూ అట్లాంటి తూకాలు చాలా పడతాయి.

స్టోకర్‌కు వచ్చిన ఉత్తరాల్లో నాకు ఇష్టమైనది వాళ్లమ్మ షార్లెట్ రాసింది. 'ఫ్రాంకెన్‌స్టైన్' తర్వాత కొత్తదనంలో, భయంలో నీ పుస్తకం దరిదాపుల్లోకి ఇంకే పుస్తకమూ రాలేదని రాసింది. ఆమెకు ఆ మాట అనే హక్కుంది. 1832లో ఐర్లండ్‌లోని స్లైగో ఊరికి కలరా వచ్చినప్పుడు ఆమె చిన్నపిల్ల. కొడుకు అడిగితే ఆ రోజులన్నీ రాసి ఇచ్చింది. అందులో ఒక పొడుగాటి సైనికుడున్నాడు. చనిపోయాడనుకుని పెట్టెలో పెట్టబోతే పట్టలేదు. పెట్టెలు చేసేవాడు కాళ్లు విరగ్గొడదామని సుత్తి ఎత్తి కొడితే, మొదటి దెబ్బకే మనిషి లేచి కూర్చున్నాడు. చచ్చీ చావని మనుషుల కథ స్టోకర్‌కు ఎక్కడో ట్రాన్సిల్వేనియాలో దొరికిందనుకోకు. అక్కడికి అతను ఒక్కసారీ పోలేదు. డ్రాకులా అన్న పేరు కూడా 1890లో సెలవులకు ఇంగ్లండ్ సముద్ర తీరంలోని విట్‌బీ ఊరికి పోయినప్పుడు అక్కడి లైబ్రరీ పుస్తకంలో పట్టుకున్నాడు.

మీ ఇంట్లోనూ గత్తర (కలరా) కథలు చెప్పే ముసలివాళ్లు ఉండే ఉంటారు. ఊరు ఊరే గుడిసెలొదిలి పొలాల్లోకి పోయిన సంగతులు, పోచమ్మకు మొక్కిన సంగతులు. కూర్చుని అడుగు. రాసుకో. హన్మకొండలో 1904 నాటి రాజరాజ నరేంద్ర భాషా నిలయం ఉంది, అక్కడికీ పో.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించిన చోటు చెబుతాను. కథ చివర్లో ఆ నీళ్ల మనిషిని పంపింది ఎవరని తేల్చావు? ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె, బాణామతి చేసి పంపిందన్నావు. మీ ఊరి కుర్రాడు ఒకడు అది చదివి "కరెక్టన్నా, మా దగ్గర కూడా అసొంటి ముసల్ది ఉంది" అన్నాడని సంతోషంగా రాశావు. తమ్మీ, ఆ స్పందన చదివి నాకు భయం వేసింది.

ఆ ముసలామె నిజంగా ఉంది. ఆమెకు మొగుడు పోయి ఉంటాడు, పిల్లలు దూరంగా ఉండి ఉంటారు, ఎకరమో అరెకరమో పొలం ఉంటుంది, దాని మీద ఎవరి కన్నో ఉంటుంది. ఊళ్లో ఒక బర్రె చచ్చినా, ఒక పిల్లకు జ్వరం తగ్గకపోయినా ఆమె వైపు చూస్తారు. మంత్రం పలకకూడదని పళ్లు పీకిన ఊళ్లున్నాయి మన తెలంగాణలో. అనుమానంతో చంపిన వార్తలు పేపర్లలో ఇప్పటికీ చదువుతున్నాం. ఇంగ్లండ్‌లో డ్రాకులా చదివినవాడు పొద్దున లేచి పక్కింటి కౌంట్ మీదికి కర్ర పట్టుకుని పోడు. అయినా అక్కడ కూడా, పీడ అంతా తూర్పు నుంచి వచ్చిన పరాయివాడి మీద పెట్టావని స్టోకర్‌ను ఈ కాలపు పాఠకులు నిలదీస్తున్నారు, నిలదీయాలి కూడా. మన దగ్గర పాఠకుడికీ కర్రకూ మధ్య దూరం చాలా తక్కువ.

భయం పుట్టించే శక్తి నీకుంది. ఆ చెంబు దానికి సాక్ష్యం. అందుకే అడుగుతున్నాను, ఆ భయం వెళ్లి ఎవరి గుమ్మం ముందు నిలబడుతుందో చూసుకో. ముసలామెను తీసెయ్యమనను. ఆమెను ఉంచు, ఊరు ఆమెను అనుమానించనివ్వు. ఆమె నిర్దోషి అని పాఠకుడికి తెలియాలి, ఊరికి తెలియకూడదు. ఊళ్లోవాళ్లు లాంతర్లు పట్టుకుని ఆమె గుడిసె వైపు నడుస్తుంటే, చెంబు నీళ్లు తాగినవాడు కూడా ఆ గుంపులోనే నడుస్తున్నాడని పాఠకుడికి ఒక్కడికే కనబడితే ఎట్లుంటుందో ఊహించు. ఇంతకంటే భయపెట్టే చివరను నేను చెప్పలేను. ఇంకోలా రాయాలనిపిస్తే నీ ఇష్టం, కథ నీది. కానీ ఇప్పుడున్న ముగింపుతో మాత్రం పత్రికకు పంపకు.

తిరగరాశాక మళ్లీ హాస్టల్లో ఇస్తావు కదా, ఈసారి "ఎట్లుంది" అని అడగకు. అట్లా అడిగితే ఎవరైనా విమర్శకుడి కుర్చీ ఎక్కి కూర్చుంటారు. చేతికి పెన్సిలిచ్చి, చదవడం ఆపిన చోట, వెనక్కి తిప్పిన చోట చిన్న గీత పెట్టమను, చాలు. ఇద్దరు ముగ్గురి గీతలు ఒకే చోట పడితే ఆ వాక్యాన్ని దిద్దే ముందు పైన అర పేజీ చదువు. తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది, పాఠకుడికి విసుగు పుట్టేది కింద. నాలుగు రోజులాగి, కథలో ఏం గుర్తుందని మామూలు మాటల్లో కదిపి చూడు. గుర్తున్నవి ఉంచు. నువ్వు ప్రాణం పెట్టి రాసిన ఎర్రటి కళ్లు ఎవరికీ గుర్తులేకపోతే కొట్టెయ్.

రెండో పేజీలో బస్సు దిగిన చోటు ఒకసారి సరిచూసుకో. నర్సంపేట బస్సు నువ్వు రాసిన దారిన పోదు, మనవాళ్లు అక్కడే పట్టుకుంటారు. స్టోకర్ కోట ఊహలోదైనా, విట్‌బీలో మీనా రాత్రిపూట పరిగెత్తి ఎక్కిన 199 మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, చదివినవాళ్లు పోయి ఎక్కి వస్తున్నారు.

దసరా లోపు కొత్త ప్రతి పంపు. రూమ్మేట్ వాళ్లమ్మకు ఈసారి నువ్వే పోయి చదివి వినిపించు, ముసలామె సంగతి వచ్చిన చోట ఆమె ఏమంటుందో నాకు రాయి.

ఉంటాను,
అన్న