పాట పేరులో మొదటి ధ్వని: టోక్యోలో ఉన్న మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఆఫీసువాళ్లు నిన్ను ఏడాది చివరి విందుకు, అది ముగిశాక కరావోకేకు రమ్మన్నారని, అక్కడ ఏ పాట ఎలా ఎంచుకోవాలో తెలియక సతమతమవుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. గొంతు గురించి దిగులు పెట్టుకోకు. యంత్రం మార్కులు వేస్తే వేస్తుంది గాని, ఆ గదిలో ఉన్న మనుషులెవరూ వెయ్యరు. చిక్కంతా పాటను వెతికి పట్టుకోవడంలోనే ఉంది. ఒకరు పాడుతుండగా పాటలు ఎంచుకునే పలక నీ చేతికి వస్తుంది; ఆ పాట అయిపోయే నాలుగైదు నిమిషాల లోపల నీ పాట వరుసలో పడకపోతే గదిలో నిశ్శబ్దం ఆవరిస్తుంది, అందరూ మర్యాదగా నీ వైపు చూస్తారు. ఆ చూపులు తప్పించుకోవాలంటే పాట పేరు ఏ ధ్వనితో మొదలవుతుందో ముందుగానే తెలిసి ఉండాలి. చాలా ఏళ్లు అక్కడ ఉద్యోగం చేసి, ఎన్నో పాటలు తప్పుగా వెతికి నేర్చుకున్న సంగతులు ఇవి.

జపాను అక్షరాల వరుస మనకు పరాయిది కాదు. ముందు అ, ఇ, ఉ, ఎ, ఒ. తరువాత క, స, త, న, హ, మ, య, ర, వ అనే వరుసలు. బౌద్ధ భిక్షువుల ద్వారా అక్కడికి చేరిన సంస్కృత వర్ణమాల ప్రభావంతో ఏర్పడిన క్రమం కనుక, మన గుణింతం వచ్చినవాడికి సగం పని అయిపోయినట్టే. మన చ ఉండవలసిన చోట వాళ్లకు స ఉంటుంది, మన ప ఉండవలసిన చోట హ ఉంటుంది. ఆ హ వరుసను పూర్వం ప గానే పలికేవారు. పైగా హ్రస్వ ఎ, ఒ లు, దీర్ఘ ఏ, ఓ లు విడివిడిగా రాసుకునే సౌకర్యం మన లిపికి ఉంది, హిందీ మిత్రులకు ఆ అదృష్టం లేదు. అందుచేత పాటల పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో రాసుకునే అలవాటు మానుకొని, తెలుగులో రాసుకో.

అయితే మన లెక్క తప్పే చోట్లు కొన్ని ఉన్నాయి. గ కు వేరే వరుస లేదు, అది క తోనే ఉంటుంది. జ స తోను, ద త తోను, బ ప రెండూ హ తోను కలిసి ఉంటాయి. లిసా 2019లో పాడిన 'గురెంగె' కావాలంటే కు దగ్గరికి వెళ్లాలి, నకజిమా మియుకి 1975 నాటి 'జిదాయి' కావాలంటే స వరుసలోని షి దగ్గరికి వెళ్లాలి. చి, త్సు అనేవి త వరుసలో ఉంటాయి. ఫు హ వరుసలో ఉంటుంది. ల అనే ధ్వని అసలే లేదు, అంతా ర. యొనెజు కెన్షి 2018 నాటి పాట పేరు తెర మీద ఇంగ్లీషులో 'లెమన్' అని కనబడినా, అది వాళ్ల నోట 'రెమొన్', దాని చోటు ర వరుసలో రె. అలాగే ఉతద హికరు 1999లో పాడిన 'ఫస్ట్ లవ్' హ వరుసలో ఫు దగ్గర ఉంటుంది. ఇప్పటి పలకల మీద ఇంగ్లీషు మీటలు కూడా ఉంటాయి గాని, ధ్వనిని నమ్ముకున్నవాడికి వాటి అవసరం అంతగా రాదు. అంకెలతో మొదలయ్యే పేర్లకూ ఇదే న్యాయం: '22 ఏళ్ల వయసున వీడ్కోలు' అనే అర్థం వచ్చే 1975 నాటి పాట పేరులోని 22ను 'నిజూని' అని చదువుతారు కనుక అది న వరుసలో ని దగ్గర దొరుకుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేసేవి చిత్రాక్షరాలు, అంటే ధ్వనిని కాక మాట అర్థాన్ని సూచించే అక్షరాలు. నేను వెళ్లిన మొదటి ఏడాది గదుల్లో పలకలు లేవు. టెలిఫోను డైరెక్టరీ అంత లావు పుస్తకం ఒకటి బల్ల మీద ఉండేది, అందులో పాటలు పేర్ల వరుసన ఒకసారి, గాయకుల వరుసన ఒకసారి అచ్చు వేసి ఉండేవి. యమగుచి మొమొఎ 1977లో పాడిన ఒక పాటను నేను నెల రోజుల పాటు సాధన చేసి వెళ్లాను. దాని పేరు రెండు చిత్రాక్షరాలు, మొదటిది శరదృతువు, రెండవది చెర్రీ పువ్వు. అప్పుడప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న నాకు మొదటిది 'అకి' అని తెలుసు కనుక, ధీమాగా అ పుటలు తిరగేశాను. లేదు. మళ్లీ తిరగేశాను. ఈలోగా ముగ్గురు పాడేశారు. చివరికి పక్కన కూర్చున్న సహోద్యోగిని ఒకావిడ పుస్తకం మెల్లగా నా చేతిలోంచి తీసుకొని, క వరుసకు వెళ్లి, కొ దగ్గర వేలు పెట్టి చూపింది. ఆ రెండు అక్షరాలనూ కలిపి 'కొసుమొసు' అని చదవాలట; కాస్మాస్ పువ్వుకు వాళ్లు పెట్టుకున్న రాత అది. పాట పదాలన్నీ నోటికి వచ్చు, పేరే తెలియదు! అప్పటి నుంచి చిత్రాక్షరాన్ని చూసి ధ్వనిని ఊహించడం మానేశాను. 'నద సోసో' విషయంలోనూ జాగ్రత్త. దాని పేరులో మొదటిది కన్నీటిని సూచించే చిత్రాక్షరం. కన్నీటిని మామూలుగా 'నమిద' అంటారు, కాని ఈ పాట దక్షిణ దీవులైన ఒకినావా మాటను వాడుకుంది కనుక 'నద' అని వెతికితేనే దొరుకుతుంది.

మనవాళ్లకు మాత్రమే ఎదురయ్యే ఇంకొక చిక్కు చెబుతాను. మన సినిమా పాటలకు విడిగా పేర్లుండవు, పల్లవి మొదటి మాటలే పాట పేరు. ఆ అలవాటుతో జపాను పాటను కూడా గాయకుడు నోరు తెరిచిన ధ్వనితో వెతుకుతాం. ఇషికవ సయురి 1977లో పాడిన 'త్సుగరు కైక్యో ఫుయుగెషికి' ఉఎనో స్టేషను పేరుతో మొదలవుతుంది. చెవికి ఉ వినబడుతుంది, పేరు మాత్రం త వరుసలో త్సు దగ్గర ఉంటుంది. పాట మొదటి మాటలతో వెతికే ఏర్పాటు కూడా పలకలో ఉంది గాని, అది వేరే మీట. రెండిటినీ కలిపి గందరగోళపడకు. నీలాంటి కొత్తవాడికి పేరూ పల్లవీ ఒక్కటే అయిన పాట శ్రేయస్కరం. సకమొతో క్యూ 1961లో పాడిన 'ఉఎ ఒ ముఇతె అరుకో' అలాంటిది. 1963లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరిన ఈ పాటను బయటి దేశాలవాళ్లు 'సుకియాకి' అనే వంటకం పేరుతో ఎరుగుదురు. నువ్వు సు దగ్గర వెతుక్కుంటూ కూర్చోకు, ఉ దగ్గరికి వెళ్లు. నీ మొదటి పాటగా దీన్నే పాడమని నా సలహా. గదిలో అన్ని వయసులవాళ్లకూ తెలుసు కనుక నువ్వు మాట మరిచిపోయినా నలుగురు అందుకుంటారు.

ఇక చేయవలసిన పని: ఒక చిన్న నోటుపుస్తకం కొనుక్కొని, ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క పుట కేటాయించి, నీ గొంతుకు సరిపడే పాటలు రెండేసి చొప్పున రాసుకో. ఒకటి పెద్దవాళ్లకు తెలిసినది, ఒకటి నీ ఈడువాళ్లకు తెలిసినది ఉండాలి. క పుటలో మిసొర హిబరి 1989లో పాడిన 'కవ నొ నగరె నొ యో ని' ఉంటే మీ విభాగాధిపతి సంతోషిస్తారు. దాని కిందనే 'గురెంగె' ఉంటే నీతోటివాళ్లు చప్పట్లు కొడతారు. ఫోనులో రాసుకోవచ్చు కదా అంటావు. ఆ చీకటి గదిలో ఫోను చూసుకుంటూ కూర్చుంటే పాడేవాళ్లను పట్టించుకోవడం లేదనుకుంటారు.

విందు ముదిరాక ఎవరో ఒకరు షిరితొరి ఆడదామంటారు. అది మన అంత్యాక్షరికి అన్నదమ్ముడు, తేడా ఏమిటంటే మనం పాడి ఆపిన అక్షరాన్ని అందుకుంటాం, వాళ్లు పాట పేరులోని చివరి ధ్వనిని అందుకుంటారు. ఒకసారి మా బల్ల దగ్గర సాగిన వరుస నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒకరు 'ఇతొ' పాడారు. తొ కాబట్టి తరువాతివారు తెరెసా తెంగ్ 'తొకి నొ నగరె ని మి ఒ మకసె' ఎత్తుకున్నారు. సె కాబట్టి 'సెకాయి ని హితొత్సు దకె నొ హన'. న కాబట్టి 'నద సోసో'. ఇక్కడ చెవికి ఓ వినబడినా, వాళ్ల లిపిలో చివరి అక్షరం ఉ. అందుచేత నా వంతుకు ఉ వచ్చింది, నేను హాయిగా 'ఉఎ ఒ ముఇతె అరుకో' పాడాను. అది కూడా ఉ తోనే ముగుస్తుంది కనుక నా పక్కవాడు తల పట్టుకున్నాడు. తెలుగులాగే జపాను మాటలూ చాలా వరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఆట సాగుతూనే ఉంటుంది, కాని పొల్లు న్ తో ముగిసే పేరు చెప్పినవాడు ఓడినట్టే, ఎందుకంటే ఆ ధ్వనితో మొదలయ్యే మామూలు మాట వాళ్ల భాషలో లేదు. ఇందాకటి 'రెమొన్', స్పిట్స్ బృందం 1995లో పాడిన 'రొబిన్‌సొన్' రెండూ మంచి పాటలే; ఆ ఆటలో మాత్రం వాటి జోలికి వెళ్లకు. దీర్ఘంతో ముగిసే పేర్లకు ఏ ధ్వని తీసుకోవాలో ఆట మొదలు కాకముందే అడిగి తెలుసుకో, తరువాత అడిగితే సాకులు వెతుకుతున్నావంటారు.

నా పాత నోటుపుస్తకం మీ అమ్మ పంపే పార్సిలులో పెడుతున్నాను, పచ్చడి సీసాకు దూరంగా పెట్టమని చెప్పాను. అందులో ను గడి ఇన్నేళ్లయినా ఖాళీగానే ఉంది. ను తో మొదలయ్యే పాట, నీ గొంతుకు పలికేది ఏదైనా దొరికితే నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ మామయ్య