లగ్జరీ లోదుస్తుల బ్రాండ్ పెడతానంటే నాన్న స్థలం మీద అప్పు తెస్తానంటున్నారు, ఉద్యోగం మానేయొచ్చా?

ఈ ప్రశ్న పంపినామె పేరు రాయొద్దన్నారు కాబట్టి బొబ్బిలి అమ్మాయి అనుకుందాం. వయసు 28, బెంగళూరులో ఎక్స్‌పోర్ట్ కంపెనీలో బ్రాల శాంపిల్ రూమ్‌లో (కొత్త డిజైన్ల నమూనా పీసులు కుట్టే చోట) ఆరేళ్ళ అనుభవం, జీతం 34 వేలు, దాచుకున్నది 3.4 లక్షలు, 5 తులాల బంగారం. విజయనగరం వచ్చేసి సిల్కు, లేసుతో సొంత బ్రాండ్ పెట్టాలని కోరిక. నాన్నగారు 20 సెంట్ల స్థలం మీద రెండ్రూపాయల వడ్డీకి 8 లక్షలు తెస్తానంటున్నారట.

అమ్మా, ముందు ఆ అప్పు సంగతి. రెండ్రూపాయల వడ్డీ అంటే 8 లక్షలకి నెలకి 16 వేలు, అసలు అలాగే ఉంటది. పీసుకి 700 మిగిలినా వడ్డీ కట్టడానికే నెలకి 23 పీసులు అమ్మాలి, మీ తిండి, కరెంటు బిల్లు ఆ తర్వాతే. వద్దు.

ఇంక ఈ వ్యాపారంలో డబ్బు ఎక్కడ ఇరుక్కుంటదో శాంపిల్ రూమ్‌లో ఉన్న మీకు నాకంటే బాగా తెలుసు, కానీ జీతానికి చేసినన్నాళ్ళూ స్టాక్ లెక్క మనది కాదు కదా. చీర అయితే సైజు గొడవే లేదు, బ్రా అలా కాదు. 32 నుంచి 38 దాకా నాలుగు బ్యాండ్లు (ఛాతీ కింద చుట్టుకొలత), బీ, సీ, డీ మూడు కప్పులు, అంటే 12 సైజులు, మూడు రంగులేస్తే 36 రకాలు, ఒక్కోటి ఐదేసి కుడితే 180 పీసులు, పీసుకి 900 ఖర్చనుకుంటే ఒక్క డిజైన్‌కే 1,62,000. మీ దాచుకున్న సొమ్ములో దాదాపు సగం ఒక్క డిజైన్‌లోనే! అందులో మధ్య సైజులు అయిపోయి చివరి సైజులు బీరువాలో కూర్చుంటాయి. లా పెర్లా అని ఇటలీ లగ్జరీ లోదుస్తుల బ్రాండ్ తెలుసుగా, 1954లో బొలోనాలో కార్సెట్లు కుట్టే అడా మసోట్టి మొదలుపెట్టింది, అంత పేరున్న బ్రాండ్ చేతులు మారి మారి, చివరికి 2023లో దాని లండన్ కంపెనీ లిక్విడేషన్‌కి పోయింది, అంటే అప్పులు తీర్చడానికి ఉన్నది అమ్మి మూసేసే దాకా.

అందుకని వైరు బ్రాలు ఇప్పుడే వద్దు. బ్రాలెట్లు (వైరు లేని మెత్తటి బ్రాలు), స్లిప్పులు, రోబ్‌లు (పైన వేసుకునే వదులు గౌన్లు) నాలుగు సైజుల్లో, అదీ ఆర్డర్ వచ్చాకే కుట్టండి, సగం అడ్వాన్స్ తీసుకుని. ఉద్యోగం ఇంకో పది నెలలు చెయ్యండి. మీకు చేతిలో ఉన్న అసలు ఆస్తి ప్యాటర్న్ (కత్తిరింపు నమూనా), గ్రేడింగ్ (దాన్ని అన్ని సైజులకీ మార్చడం), ఫిట్టింగ్ పని, అది చిన్న బ్రాండ్లకి బయట చేసిపెడితే స్టాక్ లేకుండానే డబ్బులొస్తాయి (మీ కంపెనీ ఒప్పందంలో బయట పని చెయ్యొద్దని ఉందేమో ముందు చూసుకోండి). ఇంకోటి, పక్కనే పొందూరు సన్న ఖాదీ ఉంది కదా, అది సాగదు కాబట్టి బ్రాకి పనికిరాదు గానీ రోబ్‌కి నాకైతే ఇటలీ లేసు కంటే అదే ఖరీదుగా కనిపిస్తది.

3.4 లక్షల్లో 1.2 లక్షలు ఎఫ్‌డీలో పెట్టి మర్చిపోండి, మిషన్లు సెకండ్ హ్యాండ్‌వి, శాంపిల్స్ కలిపి లక్ష దాటొద్దు. పీఎఫ్ ముట్టుకోవద్దు, పెన్షన్‌కి పదేళ్ళ సర్వీసు కావాలి, మీకు ఆరే అయ్యాయి. తర్వాత డబ్బు కావాలంటే 5 లక్షల దాకా ముద్రా కిశోర్ లోన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చేది) తాకట్టు లేకుండా అడగొచ్చు, తప్పదంటే బ్యాంకులో బంగారం మీద తీసుకోండి, దాని వడ్డీ మీ నాన్నగారు చెప్పినదాంట్లో సగం కూడా ఉండదు.

జీఎస్టీ దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఏడాది అమ్మకాలు 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదని ఎవరో చెప్పారన్నారు, అది మన రాష్ట్రంలోపల అమ్మితేనే. హైదరాబాద్‌కి ఒక్క పీసు పంపినా రిజిస్ట్రేషన్ ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి పీసు 2,500 దాకా 5 శాతం, దాటితే 18 శాతం. మీరనుకున్న 2,800 రేటు కస్టమర్‌కి 3,304 పడుతుంది, అదే 2,500 పెడితే 2,625. పెడితే 2,500 లోపల పెట్టండి, లేదంటే ధైర్యంగా 4 వేలు పైన పెట్టండి, మధ్యలో మాత్రం వద్దు.

లోన్ ఫారంలో వ్యాపారం ఏంటని రాయాలో అని మొహమాటపడ్డారు. రెడీమేడ్ దుస్తుల తయారీ అని రాయండి, అబద్ధం కాదు. విజయనగరం గంటస్తంభం దగ్గర మగవాళ్ళు కూర్చుని అవే అమ్ముతుంటే ఎవరూ ఏమీ అనట్లేదు, కుట్టే మీకెందుకు సిగ్గు.

నాన్నగారు ఆ కాయితాల మీద ఇంకా సంతకం పెట్టకపోతే ఈ రాత్రికే ఫోన్ చెయ్యండి.