మొక్కల భూగోళం చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బోటనీ రెండో సంవత్సరం. హైన్రిష్ వాల్టర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త గురించి చదివిన దగ్గర్నుంచి, ఏ మొక్క ఎక్కడ ఎందుకు పెరుగుతుందో అదే చదువుతానంటోంది. మాకు టెన్షన్‌గా ఉంది. బీఈడీ చేయిస్తే నయం కదా? - ఒక తండ్రి, కర్నూలు

జవాబు: బీఈడీ తర్వాతైనా చేయొచ్చండీ. ముందు ఆ వాల్టర్ చేసిన పని ఏమిటో చూడండి.

ఆయన 1898లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఒడెస్సాలో పుట్టారు. మొక్కల పేర్లు రాసుకుని ఊరుకునే రకం కాదు. నీళ్లు కరువైనప్పుడు మొక్క ఎలా తట్టుకుంటుందో కొలిచి చూశారు. అందుకోసం అమెరికాలోని అరిజోనా ఎడారికి, ఆఫ్రికాకు వెళ్లారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత స్టుట్‌గార్ట్ దగ్గరి హోహెన్‌హైమ్‌లో ప్రొఫెసర్‌గా స్థిరపడ్డారు. మధ్యలో కొన్నేళ్లు టర్కీలోని అంకారాలోనూ పాఠాలు చెప్పారు.

ఆయన పేరు నిలబెట్టింది క్లైమేట్ డయాగ్రమ్. నెలవారీ ఉష్ణోగ్రత, వాన రెండూ ఒకే గ్రాఫులో గీస్తారు. 10 డిగ్రీలు ఉన్నచోటే 20 మిల్లీమీటర్లు వచ్చేలా స్కేలు పెడతారు. వాన గీత ఉష్ణోగ్రత గీత కిందికి దిగిందంటే మొక్కకు అవి కరువు నెలలు. ఈ నిష్పత్తి ఫ్రెంచి శాస్త్రవేత్త గోసెన్‌ది. వాల్టర్, మరో జర్మన్ శాస్త్రవేత్త హెల్ముట్ లీత్ కలిసి 1960ల్లో దీంతో ప్రపంచమంతటికీ అట్లాసే తయారుచేశారు.

వాతావరణ శాఖ లెక్కలు తీసుకుని మీ కర్నూలుకు అలాంటిదే ఒకటి గీయమనండి. ఒక సాయంత్రం పని. గీశాక, నల్లమల చెట్లు ఆకు రాల్చే కాలంతో పోల్చి చూడాలని తనకే అనిపిస్తే ఆ ఇష్టం నిజమైనదే. ఎక్సెల్ తెరవగానే విసుగొస్తే మాత్రం మరోసారి ఆలోచించండి, ఎందుకంటే ఇప్పుడు ఈ రంగంలో అడవిలో తిరిగే రోజుల కంటే కంప్యూటర్ ముందు కూర్చునే రోజులే ఎక్కువ. జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులతో చేసే విశ్లేషణ), స్టాటిస్టిక్స్, ఆ లెక్కలకు వాడే ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష ఈ సెలవుల్లోనే మొదలుపెట్టాలి.

‘మొక్కల భూగోళ నిపుణులు కావలెను’ అనే ప్రకటన మీకెక్కడా కనబడదు. బొటానికల్ సర్వే, ఉపగ్రహ చిత్రాలతో పనిచేసే రిమోట్ సెన్సింగ్ సంస్థలు, ప్రాజెక్టులకు పర్యావరణ నివేదికలు రాసే కన్సల్టెన్సీలు, ఇలాంటి చోట్ల వేరే పేర్లతో ఉద్యోగాలుంటాయి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు బోటనీ డిగ్రీ చాలు, పోటీ మాత్రం గట్టిది.

ఇక జర్మనీ వెళ్లి చదివే సంగతి. అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీలు ట్యూషన్ ఫీజు తీసుకోవు. కానీ హోహెన్‌హైమ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్‌లో మన విద్యార్థులకు మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 1500 యూరోలు పడుతుంది. పీహెచ్‌డీకి ఆ ఫీజు ఉండదు, పైగా జీతమిచ్చే ప్రాజెక్టులూ దొరుకుతాయి. అందుకే ఎకాలజీలో ఎమ్మెస్సీ ఇక్కడే చేయించి, పీహెచ్‌డీకి అక్కడ ప్రయత్నించమనండి.