వెన్నుపాము దెబ్బకు స్టెమ్ సెల్ థెరపీ చేయించవచ్చా? మా నాయిన విషయంలో ఏం జరిగిందంటే

మీ తమ్ముడు బైక్ మీద నుంచి పడి ఐదు నెలలైందని, డీ-10 (వీపు భాగంలో పదో వెన్నుపూస) దగ్గర వెన్నుపాము దెబ్బతిని నడుము కింద స్పర్శ లేదని రాశారు. ఒక క్లినిక్ వాళ్లు మూడు డోసుల స్టెమ్ సెల్స్‌కు (వేరే రకాల కణాలుగా మారగలిగే మూల కణాలు) ఆరు లక్షలు అడుగుతున్నారు, గుంటూరులో ఉన్న ఇంటి స్థలం అమ్మాలా అని అడిగారు. అమ్మకండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మేం అమ్మాం.

మాది నల్గొండ జిల్లా. మా నాయిన గీత కార్మికుడు. 2018 ఎండాకాలంలో మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. డీ-8 ఎముక నలిగిపోయింది. ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు. డిశ్చార్జి కాగితంలో 'ఏషియా ఏ' అని ఉంది. ఏషియా అంటే వెన్నుపాము దెబ్బ ఎంత తీవ్రమో చెప్పే కొలమానం, అందులో ఏ అన్నిటికంటే తీవ్రమైన గ్రేడ్. అంటే దెబ్బ తగిలిన చోటికి కింద, మలద్వారం దాకా, కదలికా లేదు, స్పర్శా లేదు అని. ఆ రెండు మాటల అర్థం మాకు ఎవరూ విడమర్చి చెప్పలేదు. నాలుగో నెలలో ఒక బంధువు వాట్సాప్‌లో వీడియో పంపాడు. వీల్‌చైర్‌లో వచ్చిన కుర్రాడు కడ్డీలు పట్టుకుని నడుస్తున్నాడు. ఇక ఇంట్లో ఎవరికీ కుదురు లేదు. అరెకరం చెలక అమ్మి ఐదున్నర లక్షలు పట్టుకుని వేరే రాష్ట్రంలో ఉన్న ఆ క్లినిక్‌కు పోయాం.

తుంటి ఎముక నుంచి మజ్జ తీశారు. అదే రోజు దాన్ని మిషన్‌లో తిప్పి, సాయంత్రానికి నడుములో సూదితో ఎక్కించారు. అలా మూడుసార్లు.

రెండో డోసు అయిన పన్నెండో రోజు అమ్మ తడిబట్టతో నాయిన కాళ్లు తుడుస్తుంటే ఎడమకాలి బొటనవేలు పైకి లేచింది. అమ్మ గిన్నె అక్కడే వదిలేసి వాకిట్లోకి ఉరికింది. ఆ సాయంత్రం మా ఇల్లు పెళ్లిల్లులా ఉంది. యాదగిరిగుట్టకు మొక్కు కూడా మొక్కుకున్నాం. క్లినిక్‌కు ఫోన్ చేస్తే "చూశారా, పని చేస్తోంది, మూడో డోసు ఆలస్యం చేయొద్దు" అన్నారు.

తర్వాత వేలూరు సీఎంసీ వాళ్ల బాగాయం రిహాబ్ (పునరావాస) సెంటర్‌కు పోయినప్పుడు అక్కడి డాక్టరమ్మ నాయినను కళ్లు మూసుకుని వేలు లేపమంది. మొహం ఎర్రబడేదాకా ప్రయత్నించాడు. కదల్లేదు. ఆమె తాళంచెవి తీసుకుని అరికాలి మీద మెల్లగా గీసింది. వేలు టక్కున లేచింది. మెదడు నుంచి కబురు రాకపోయినా, దెబ్బకు కింద ఉన్న వెన్నుపాము తనంతట తాను పని చేస్తూనే ఉంటుందట. తాకినా, మూత్రం నిండినా, కాళ్లు వాటంతట అవే కదులుతాయి. దాన్ని స్పాజం అంటారు. దెబ్బ తగిలిన కొన్ని వారాలకు చాలామందిలో ఇది ఎలాగూ మొదలవుతుంది. మీ తమ్ముడికి ఇప్పుడు అలాంటి కదలిక వచ్చినా, ముందు ఈ పరీక్ష చేయించండి. చెప్పగానే కదలాలి, చెప్పినప్పుడు ఆగాలి.

డబ్బు పోయిన బాధ కంటే ఆ నాలుగు నెలలు పోయిన బాధే నాకు ఎక్కువ. సెల్స్ పని చేస్తాయి కదా అని ఫిజియో మానేశాం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడంలో అశ్రద్ధ చేశాం. మూడో డోసుకు పోయేసరికి పిరుదుల మధ్య ఎముక మీద రూపాయి బిళ్లంత పుండు. స్పర్శ లేదు కాబట్టి నాయినకు నొప్పి తెలియలేదు. అది మానడానికి ఏడు నెలలు పట్టింది, అన్నాళ్లూ బోర్లా పడుకునే ఉన్నాడు.

స్టెమ్ సెల్ పరిశోధనంతా మోసం అని నేను అనడం లేదు. నిజమైన పని జరుగుతోంది, నేనూ ఆశగా చూస్తుంటాను. జపాన్‌లో కేయో యూనివర్సిటీ వాళ్లు ఐపీఎస్ కణాలతో (మామూలు కణాలను ల్యాబ్‌లో మళ్లీ మూల కణాలుగా మార్చినవి) నలుగురికి చికిత్స చేసి, 2025 మార్చిలో ఫలితాలు చెప్పారు. ఇద్దరిలో మెరుగుదల కనిపించింది, వాళ్లలో ఒకరు ఆసరా లేకుండా నిలబడగలిగారు. మిగతా ఇద్దరిలో పెద్దగా మార్పు లేదు. కానీ వాళ్లందరికీ దెబ్బ తగిలిన రెండు నుంచి నాలుగు వారాల లోపే కణాలు ఎక్కించారు. ఆ మొదటి నెలల్లో ఏ చికిత్స లేకపోయినా కొందరిలో కొంత శక్తి దానంతటదే తిరిగి వస్తుంది. అందుకే నలుగురిని చూసి ఏదీ తేల్చలేం. అమెరికాలో మేయో క్లినిక్ కూడా సొంత కొవ్వు కణాలతో పది మందికి చేసి 2024లో ప్రచురించింది. ఏడుగురిలో ఏషియా గ్రేడ్ మెరుగైంది, ముగ్గురిలో మారలేదు. అదీ ప్రమాదం ఉందా లేదా అని చూసే తొలి దశ ట్రయలే. మీకు క్లినిక్ వాళ్లు ఇవే పేర్లు చెప్పి ఉంటారు. వాళ్లు ఎక్కించే కణాలు, ఎక్కించే సమయం, పరీక్షించే పద్ధతి అవే కావు.

"ఎలాగూ సొంత కణాలే కదా, నష్టం ఏముంది" అని మాకూ చెప్పారు. ముక్కు లోపలి పొర కణాలను వెన్నుపాములో పెట్టించుకున్న ఒకామెకు ఎనిమిదేళ్ల తర్వాత అక్కడ గడ్డ పెరిగింది, దాన్నుంచి చీమిడి లాంటి పదార్థం ఊరుతోందని 2014లో డాక్టర్లు రాశారు. అవి ఆమె సొంత కణాలే.

ఇంకొకటి, ఇది మాకు తెలియక మునిగిపోయిన విషయం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మార్పిడి తప్ప, మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా ప్రయోగమే. అనుమతి ఉన్న ట్రయల్‌లో తప్ప చేయకూడదు, ఆ ట్రయల్‌కు పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి వాళ్లను సీటీఆర్‌ఐ (దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే పట్టిక) నంబరు, సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) అనుమతి పత్రం అడగండి. ఒక్క సీటీఆర్‌ఐ నంబరు చూపించి సరిపెడితే ఒప్పుకోవద్దు, అది నమోదు మాత్రమే. ఆరు లక్షలు అడిగారంటేనే సగం జవాబు దొరికినట్టు.

ఆ డబ్బులో కొంత మంచి రిహాబ్‌కు పెట్టండి. బాగాయం సెంటర్‌ను పెట్టించిన మేరీ వర్గీస్ డాక్టరమ్మకు కూడా 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడింది. వీల్‌చైర్‌లో కూర్చునే ఆపరేషన్లు చేసిందట. ఆ సంగతి విన్నాక నాయిన రెండు రోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు తనే ట్రాన్స్‌ఫర్ బోర్డు అడిగాడు. మంచం మీంచి వీల్‌చైర్‌లోకి జరగడం, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సొంతంగా కాథెటర్ పెట్టి మూత్రం తీసుకోవడం, చేతులతో ఒళ్లు ఎత్తి పిరుదుల మీద బరువు తీయడం అక్కడే నేర్చుకున్నాడు. ఇప్పుడు మా వాకిట్లో చిన్న కిరాణా కొట్టు నడుపుతున్నాడు. నడవలేదు. ఎవరో ఒకరు పక్కన ఉండాల్సిన అవసరం మాత్రం తప్పింది.

సదరం సర్టిఫికెట్‌కు (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) వెంటనే పెట్టండి. ఏపీలో దివ్యాంగుల పింఛన్ నెలకు 6,000, పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైతే 15,000.

స్థలం సంగతి ఇంట్లో రేపు మాట్లాడుకోవచ్చు. ఈ రాత్రి మాత్రం తమ్ముణ్ణి ఒక పక్కకు తిప్పి నడుము కింది ఎముక, మడమలు, తుంటి పక్కలు టార్చి వేసి చూడండి. ఎక్కడైనా చర్మం ఎర్రగానో, చుట్టుపక్కల కంటే నల్లగానో కనిపిస్తే వేలితో నొక్కి వదలండి. రంగు మారకుండా అలాగే ఉంటే ఇక ఆ వైపు పడుకోబెట్టకండి, పొద్దున్నే డాక్టరుకు చూపించండి.